చిన్న క్రూజింగ్ పడవకి వేగం ఎక్కడ దొరుకుతుంది?

క్లుప్తంగా: నీటిని చీల్చుకుంటూ నడిచే తెరచాప పడవ గరిష్ఠ వేగం దాదాపుగా దాని పొడవు మీదే ఆధారపడి ఉంటుంది. ఎంత ఖర్చు పెట్టినా ఆ హద్దు పెద్దగా కదలదు. కదిలేది సగటు వేగం. అదీ ముఖ్యంగా గాలి తక్కువగా ఉన్న గంటల్లో. ఆ గంటల్లో పడవని వెనక్కి లాగేవి అడుగున పట్టిన పాచి, నీళ్లలో వేలాడే ప్రొపెల్లర్, పేరుకుపోయిన బరువు, ఆకారం పోయిన తెరచాపలు. వీటిలో సగానికి పైగా పెద్ద ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగినవే.

రెండు మూడు పడకలు, చిన్న వంటగది, ఒక చిన్న ఇంజిన్ ఉన్న 20 నుంచి 30 అడుగుల పడవలు చాలామందికి మొదటి క్రూజింగ్ పడవలు, అంటే లోపలే ఉంటూ విహారయాత్రలు చేయడానికి వీలైనవి. వాటి వేగం గురించి అడిగితే తలో మాట చెబుతారు. ఒకరు కొత్త తెరచాపలు కొనమంటారు. మరొకరు మడుచుకునే ప్రొపెల్లర్ బిగించమంటారు. ఇంకొకరు లాకర్లలోని సామాను సగం ఒడ్డున దించేయమంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. కాకపోతే ఒక్కో మార్పు ఒక్కో రకం గాలిలో, ఒక్కో వేగం దగ్గర పనిచేస్తుంది. ఆ తేడా పట్టించుకోకుండా ఖర్చు పెట్టినవాళ్లకే చివరికి నిరాశ మిగులుతుంది.

పొడవు గీసిన హద్దు

పడవ కదులుతుంటే ముందుకొన దగ్గర నీరు పక్కకి తోసుకుపోయి అల లేస్తుంది. ఆ అల పడవతో పాటే, పడవ వేగంతోనే సాగుతుంది. లోతైన నీటిలో అల వేగం పెరగాలంటే ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య దూరం పెరిగి తీరాలి. 4 నాట్ల వేగానికి ఆ దూరం సుమారు 9 అడుగులు, 6 నాట్లకి సుమారు 20 అడుగులు. (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.)

నీటిమట్టం దగ్గర 20 అడుగుల పొడవున్న పడవని ఊహించుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. 4 నాట్ల దగ్గర దాని పక్కన రెండు పూర్తి అలలు కనిపిస్తాయి. 6 నాట్లు అందుకునేసరికి ముందుకొన దగ్గర ఒక శిఖరం, వెనకకొన దగ్గర ఇంకో శిఖరం, మధ్యలో ఒకే ఒక పల్లం ఉంటాయి. ఆపైన వేగం పెంచబోతే రెండో శిఖరం పడవని వదిలి వెనక్కి జరుగుతుంది. వెనక భాగం పల్లంలోకి దిగుతుంది, ముందు భాగం పైకి లేస్తుంది. అక్కణ్నుంచి పడవ తను లేపిన అలనే తను ఎక్కాలి. నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది. తెరచాపల్లోకి ఇంకా గాలి వచ్చినా అందులో ఎక్కువ భాగం అలని పెద్దది చేయడానికే ఖర్చవుతుంది.

ఈ హద్దునే హల్ స్పీడ్ అంటారు (హల్ అంటే పడవ ఒళ్లు). నీటిమట్టపు పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే అది నాట్లలో వస్తుంది. 16 అడుగులకి 5.4, 20 అడుగులకి 6, 25 అడుగులకి 6.7 నాట్లు. 36 అడుగులకి వెళ్లినా 8 దగ్గరే ఆగుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పడవ మొత్తం పొడవు కాదు, నీటిని తాకే పొడవు. ముందూ వెనకా కొనలు నీటి మీదికి చాచుకుని ఉండే పాతకాలపు 26 అడుగుల పడవకి నీటిమట్టపు పొడవు 20 అడుగులే ఉండొచ్చు. ముందుకొన నిటారుగా కోసినట్టుండే కొత్త డిజైన్లలో అదే 26 అడుగుల పడవకి 24 అడుగులు రావచ్చు. రెండిటి మధ్య తేడా అర నాట్ పైనే. పాత డిజైన్ పడవ ఒరిగినప్పుడు చాచిన కొనలు కూడా నీటిలోకి దిగి కొంత లోటు తీరుతుంది, పూర్తిగా మాత్రం తీరదు.

ఈ సూత్రం గోడలాంటిది కాదు. పెద్ద అల వాలు మీద జారుతూ ఏ పడవైనా కాసేపు హద్దు దాటుతుంది. రెండు సన్నని హల్స్ జంటగా ఉండే కాటమరాన్లు లేపే అల చిన్నది కాబట్టి వాటికి ఈ లెక్క సరిగ్గా వర్తించదు. తేలికైన చిన్న రేసింగ్ పడవలు (డింగీలు) నీటి మీదికి లేచి జారిపోతాయి. బరువైన కీల్ (అడుగున కిందికి దిగి ఉండే రెక్క), కాబిన్, నీళ్ల ట్యాంకులు ఉన్న క్రూజింగ్ పడవ వీటి కోవలోకి రాదు.

సగటు లెక్క వేరు

హద్దు ఖాయమైనప్పుడు వేగం పెంచుకోవడం అనే మాటకి అర్థం ఉందా? ఉంది. అయితే చూడాల్సింది గరిష్ఠ వేగాన్ని కాదు.

30 నాటికల్ మైళ్ల ప్రయాణంలో సగం దూరం మంచి గాలిలో 6 నాట్లతో, మిగతా సగం పలచటి గాలిలో 3 నాట్లతో సాగిందనుకుందాం. మొదటి సగానికి రెండున్నర గంటలు, రెండో సగానికి 5 గంటలు పడుతుంది. ఇప్పుడు ఏదో మార్పు చేసి మంచి గాలిలో వేగాన్ని 6 నుంచి 6.5కి పెంచితే మిగిలేది సుమారు 12 నిమిషాలు. అదే అర నాట్‌ని పలచటి గాలిలో, 3 నుంచి 3.5కి పెంచితే మిగిలేది 43 నిమిషాలు. పైగా 6 మీద అర నాట్ రాబట్టడం చాలా కష్టం, 3 మీద రాబట్టడం అంత కష్టం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. వేగం 3 నాట్ల కిందికి పడితే చాలామంది విసుగొచ్చి ఇంజిన్ వేసేస్తారు. కాబట్టి తక్కువ గాలిలో పడవ ఎంత బాగా నడిస్తే తెరచాపల మీద గడిచే సమయం అంత పెరుగుతుంది. వేగం అంటే జోరు గాలిలో ఒరిగి దూసుకుపోయే పడవే చాలామంది కళ్ల ముందు మెదులుతుంది. గడియారం మాత్రం నెమ్మదిగా గడిచే గంటలనే ఎక్కువగా లెక్కపెడుతుంది.

అడుగున పట్టిన పాచి

తక్కువ వేగంలో అలల వల్ల కలిగే నిరోధం స్వల్పం. అప్పుడు పెద్ద వాటా పడవ ఒంటికీ నీటికీ మధ్య ఘర్షణదే. అందుకే పలచటి గాలిలో నడవని పడవ విషయంలో ముందుగా చూడాల్సింది నీటి కింద భాగాన్ని.

దీనికి పునాది వేసిన ప్రయోగాలు 150 ఏళ్ల నాటివి. ఇంగ్లండ్‌కి చెందిన ఇంజినీరు విలియం ఫ్రూడ్ 1870ల మొదట్లో టార్కీలో తన ఇంటి పక్కనే ఒక పొడవాటి నీళ్ల తొట్టి కట్టించి, అందులో నిలువుగా మునిగిన చెక్క పలకలని లాగి నిరోధం కొలిచాడు. కొన్ని పలకలకి వార్నిష్ పూశాడు, కొన్నిటికి గుడ్డ అంటించాడు, మరికొన్నిటికి సన్న ఇసుక, మధ్యరకం ఇసుక, ముతక ఇసుక అద్దాడు. నున్నటి వార్నిష్ పలకతో పోలిస్తే గుడ్డ అంటించిన పలక ఘర్షణ దాదాపు రెట్టింపు వచ్చింది. పలక ఆకారం అదే, పొడవు అదే, మారింది పైపొర ఒక్కటే. గుడ్డ మందం ఎంతో ఆలోచిస్తే, నెల రోజులు కదలకుండా కట్టేసిన పడవ అడుగున పట్టే పాచి ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

చేత్తో తడిమితే జారుగా తగిలే జిగురు పొరని చాలామంది లెక్కలోకి తీసుకోరు. బార్నకిల్ గుల్లలు కనిపిస్తేనే పడవని పైకి తీయిస్తారు. నిజానికి ఆ జిగురు పొర కూడా నిరోధాన్ని స్పష్టంగా పెంచుతుంది. గుల్లల దాకా వస్తే ఇక వేరే చెప్పనక్కర్లేదు. కీల్ అడుగు, చుక్కాని అంచులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ లాంటి చోట్ల బ్రష్ సరిగా అందదు. పాచి ముందుగా పట్టేదీ అక్కడే.

పాచి పట్టకుండా అడుగుకి వేసే రంగు ఇప్పుడు అంతగా కాపాడకపోవడానికి ఒక చారిత్రక కారణం ఉంది. ఒకప్పుడు ట్రైబ్యుటైల్‌టిన్ అనే తగరపు సమ్మేళనం కలిపిన రంగులు పడవ అడుగుని చాలాకాలం శుభ్రంగా ఉంచేవి. అవి ఆయిస్టర్ల పెంపకాన్ని దెబ్బతీస్తున్నాయని తేలడంతో 1982లో ఫ్రాన్స్, 1987లో బ్రిటన్ చిన్న పడవల మీద వాటి వాడకాన్ని ఆపాయి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చాక పెద్ద నౌకలకి కూడా ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి రాగి ఆధారిత రంగులు. అవి అంత గట్టిగా పనిచేయవు కాబట్టి మధ్యమధ్యలో తుడవడం తప్పనిసరి అయింది.

ఈ రంగుల్లో రెండు రకాలు. పడవ నడుస్తుంటే కొద్దికొద్దిగా అరిగిపోతూ కొత్త పొర బయటపెట్టేది ఒకటి. గట్టిగా ఉండిపోయేది రెండోది. అరిగే రకాన్ని గట్టి బ్రష్‌తో రుద్దితే పాచితో పాటు రంగు కూడా పోతుంది. దానికి మెత్తటి గుడ్డో స్పాంజో చాలు. గట్టి రకాన్ని నీళ్లు చల్లుతూ సన్నటి ఉప్పుకాగితంతో నున్నగా చేసుకోవచ్చు. ఏటా పాత రంగు మీదే కొత్త రంగు వేస్తూ పోతే కొన్నేళ్లకి పొరలు పెచ్చులుగా లేచి, అడుగంతా గుంటలు పడుతుంది. అలాంటి అడుగు శుభ్రంగా ఉన్నా గరుకే. కొన్ని రేవుల్లో నీటిలో ఉండగా పడవ అడుగు తోమడం నిషిద్ధం, ఆ నిబంధన ముందే తెలుసుకోవాలి.

నీళ్లలో వేలాడే బ్రేక్

ఇంజిన్ ఆపి తెరచాపల మీద నడుస్తున్నప్పుడు మూడు రెక్కల స్థిర ప్రొపెల్లర్‌కి చేసే పనేమీ ఉండదు, లాగడం తప్ప. చిన్న పడవకి దీనివల్ల పలచటి గాలిలో అర నాట్ దాకా నష్టం ఉండొచ్చు. రేసుల్లో పడవల మధ్య తేడాలని సరితూచే రేటింగ్ పద్ధతులు ప్రొపెల్లర్ రకాన్ని కూడా లెక్కలో వేసుకోవడానికి కారణం ఇదే. స్థిర ప్రొపెల్లర్ ఉన్నవారికి కొంత వెసులుబాటు ఇస్తాయి.

ప్రొపెల్లర్‌ని తిరగనివ్వాలా, గేరు వేసి బిగించాలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. కొలిచి చూసిన పరీక్షల్లో స్వేచ్ఛగా తిరిగే ప్రొపెల్లరే తక్కువ లాగుతుందని తేలింది. బిగించిన ప్రొపెల్లర్ ఒక పళ్లెం అడ్డం పెట్టినట్టు నీటిని ఆపుతుంది. అయితే ఇంజిన్ ఆగి ఉండగా షాఫ్ట్ తిరుగుతుంటే కొన్ని గేర్‌బాక్స్‌లకి నూనె సరిగా అందదు. అందుకని ఈ విషయంలో గేర్‌బాక్స్ తయారీదారు మాన్యువల్‌లో ఏం రాస్తే అదే ఆఖరి మాట. రెండు రెక్కల ప్రొపెల్లర్ కీల్‌కి సరిగ్గా వెనక ఉన్న పడవల్లో ఇంకో మార్గం ఉంది. రెక్కలు నిటారుగా ఉన్న స్థితిలో, లోపల కనిపించే షాఫ్ట్ మీద పైవైపు రంగుతో ఒక గీత పెట్టుకుంటారు. తెరచాపలు ఎత్తాక ఆ గీత పైకి వచ్చేలా షాఫ్ట్‌ని తిప్పి ఆపితే రెక్కలు కీల్ చాటున దాక్కుంటాయి. దీనికి అయ్యే ఖర్చు ఒక చుక్క రంగు.

మడుచుకునే ప్రొపెల్లర్ ఈ సమస్యని దాదాపు తీరుస్తుంది, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. రివర్స్‌లో కొన్ని రకాలు బలహీనంగా పనిచేస్తాయి కూడా. ఔట్‌బోర్డ్ ఇంజిన్ (వెనకకొనకి బయట తగిలించే మోటారు) ఉన్నవారికి ఇవేవీ అక్కర్లేదు, ఇంజిన్ కాలుని నీటి బయటికి ఎత్తేస్తే చాలు. అంత సులువైన పని కూడా ఎందరో మర్చిపోతారు. వెనక తాడుతో లాక్కెళ్లే చిన్న డింగీ కూడా ఇలాంటిదే, గాలి ఊది నింపే రకమైతే మరీను. దాన్ని డెక్ మీదికి ఎక్కిస్తే పోయిన వేగంలో కొంత వెంటనే తిరిగొస్తుంది.

తెరచాప పొట్ట ఎక్కడుంది?

తెరచాప గుడ్డే అయినా పనిచేసే తీరు విమానం రెక్కలాంటిది. దానికి లోతు ఉండాలి, ఆ లోతు సరైన చోట ఉండాలి. స్తంభం వెనక ఉండే పెద్ద తెరచాప, అంటే మెయిన్ సెయిల్‌లో లోతైన చోటు ముందంచు నుంచి వెడల్పులో 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే గాలి బలం ఎక్కువగా ముందుకి పనిచేస్తుంది. ముందు తెరచాపలో అది ఇంకాస్త ముందుగా ఉండాలి. పాలియెస్టర్ గుడ్డ ఏళ్ల తరబడి సాగాక పొట్ట లోతెక్కి, వెనక్కి జరుగుతుంది. అలాంటి తెరచాప మీద పడే బలంలో ఎక్కువ భాగం పడవని పక్కకి నెట్టడానికి, ఒరిగించడానికి పోతుంది. చిరుగులు లేకపోతే తెరచాప బాగానే ఉందనుకోవడం అందుకే పొరపాటు.

దీన్ని చూడటానికి తెరచాప కింది అంచుని పట్టి ఉంచే అడ్డకర్ర (బూమ్) మధ్యలో కింద నిలబడి, ఫోన్ కెమెరాని పైకి తిప్పి ఒక ఫోటో తీస్తే చాలు. తెరచాప మీద అడ్డంగా రంగు పట్టీలు ఉంటే వంపు ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. లోతైన చోటు సగం దాటి వెనక్కి పోయి ఉంటే ముందుగా తెరచాపని పైకి ఎత్తే తాడు, అంటే హాల్యార్డ్ టెన్షన్ పెంచి చూడాలి. పొట్ట కొంత ముందుకి వస్తుంది. గాలి పెరిగేకొద్దీ హాల్యార్డ్, కింది అంచుని లాగే ఔట్‌హాల్, స్తంభాన్ని వెనక నుంచి పట్టి ఉంచే బ్యాక్‌స్టే అన్నీ బిగించి తెరచాపని చదును చేస్తారు. గాలి తగ్గితే వదులు చేసి లోతు తెస్తారు. చాలా క్రూజింగ్ పడవల్లో ఉదయం ఎత్తిన తెరచాపకి సాయంత్రం దింపే దాకా ఇవేవీ ముట్టుకోరు. గాలి మాత్రం ఆ మధ్యలో నాలుగుసార్లు మారి ఉంటుంది.

ముందు తెరచాప విషయంలో తెరచాపని లోపలికి లాగే షీట్ తాడు వెళ్లే కారు (డెక్ మీద ముందుకీ వెనక్కీ జరిగే కప్పీ) ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ముందంచు వెంబడి పైన, మధ్యన, కింద నూలు పోగులు కట్టి ఉంటాయి, వీటినే టెల్‌టేల్స్ అంటారు. గాలి దిశలోకి పడవని మెల్లగా తిప్పుతుంటే మూడూ ఒకేసారి రెపరెపలాడాలి. పైది ముందుగా కదిలితే తెరచాప పైభాగం మరీ తెరుచుకుందని అర్థం, కారుని ముందుకి జరపాలి. కిందిది ముందుగా కదిలితే వెనక్కి జరపాలి. మెయిన్ సెయిల్‌కైతే పోగులు వెనకంచున ఉంటాయి. పై పోగు ఎప్పుడూ తెరచాప వెనక్కి ముడుచుకుపోయి ఉంటే షీట్ మరీ బిగిసిందన్నమాట. కొత్తవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే. తెరచాప రెపరెపలాడకపోతే చాలు, బాగా పట్టిందనుకుంటారు. బిగుసుకున్న తెరచాప చప్పుడు చేయదు కాబట్టి నష్టం బయటపడదు.

ఒరిగితే వేగమేనా?

తెరచాప మీద పడే బలం గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది. గాలి 10 నుంచి 14 నాట్లకి పెరిగితే బలం దాదాపు రెట్టింపవుతుంది. పడవ ఒరుగుతుంది, నీళ్లు డెక్ అంచుని తాకుతాయి, లోపల గిన్నెలు దొర్లుతాయి. వేగం బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కొలిస్తే చాలాసార్లు తేలేది వేరు.

సాధారణ క్రూజింగ్ పడవ 15, 20 డిగ్రీలు దాటి ఒరిగితే మూడు నష్టాలు ఒకేసారి మొదలవుతాయి. తెరచాప గాలికి నిటారుగా లేక బలం తగ్గుతుంది. కీల్ పట్టు సడలి పడవ పక్కకి జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒరిగిన పడవ గాలి వైపు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి చుక్కానిని అడ్డంగా పట్టుకోవాలి. 3, 4 డిగ్రీల చుక్కాని కోణం మంచిదే, పడవ పక్కకి జారకుండా అది సాయపడుతుంది. 8, 10 డిగ్రీలకి చేరితే చుక్కాని దాదాపు బ్రేకులా పనిచేస్తుంది. చుక్కానిని తిప్పే కర్ర (టిల్లర్) పట్టుకున్నవారి భుజం నొప్పి పెడుతోందంటే పడవ వేగం కోల్పోతోందనే లెక్క.

అప్పుడు మెయిన్ సెయిల్‌ని ఒక రీఫ్ తగ్గిస్తే, అంటే కొంత భాగం మడిచి కట్టి చిన్నది చేస్తే, పడవ లేచి నిలబడుతుంది, చుక్కాని తేలికపడుతుంది, వేగం మాత్రం తగ్గదు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. హల్ స్పీడ్ దగ్గర ఉన్న పడవకి ఆ అదనపు గుడ్డతో పనేమీ లేదు మరి. ఆటోపైలట్ ఉన్న పడవల్లో దీనివల్ల బ్యాటరీ కూడా ఆదా అవుతుంది.

పలచటి గాలిలో పరిస్థితి తలకిందులు. అప్పుడు మనుషులు గాలి పోయే వైపు కూర్చుని పడవని కావాలనే కొద్దిగా ఒరిగిస్తారు. తెరచాప తన బరువుతో ఆకారంలో నిలబడుతుంది, చాలా పడవల్లో నీటిని తాకే వైశాల్యం కూడా కాస్త తగ్గుతుంది. అందరూ వెనక కాక్‌పిట్‌లో గుమిగూడితే వెనక భాగం నీటిలోకి దిగి సుడులు లేపుతుంది. ఇద్దరు ముందుకి వెళ్లి కూర్చుంటే వెనకాల నీరు ప్రశాంతంగా విడిపోవడం కంటికే కనిపిస్తుంది.

ఎదురుగాలి, వెనకగాలి

గాలి వచ్చే వైపే గమ్యం ఉంటే పడవ నేరుగా వెళ్లలేదు, అటూ ఇటూ ఏటవాలుగా సాగాలి. అప్పుడు లెక్కించాల్సింది గాలి వైపు నిజంగా ఎంత దగ్గరయ్యామన్నది. గాలికి 45 డిగ్రీల్లో 5 నాట్లతో వెళ్తే గాలి వైపు చేరువయ్యేది గంటకి 3.5 నాటికల్ మైళ్లు. దారి తగ్గించుకుందామని 40 డిగ్రీలకి బిగిస్తే వేగం 4.3కి పడొచ్చు, అప్పుడు చేరువయ్యేది 3.3. కాస్త వదిలి 50 డిగ్రీల్లో 5.6 నాట్లతో వెళ్తే 3.6. అంటే దగ్గరి దారి పట్టిన పడవే వెనకబడింది. వెడల్పాటి, లోతు తక్కువ కీల్ ఉన్న క్రూజింగ్ పడవలకి, అందులోనూ అలలు పొట్టిగా నిలువుగా వస్తున్నప్పుడు, గాలికి మరీ దగ్గరగా బిగించడం అచ్చిరాదు. వేగం తగ్గగానే కీల్ పట్టు కూడా తగ్గి పక్కజారుడు పెరుగుతుంది, ఈ లెక్కల్లో అది ఇంకా కలపలేదు.

వెనకగాలి కథ ఇంకో రకం. 10 నాట్ల గాలి సరిగ్గా వెనక నుంచి వీస్తుంటే, 4 నాట్లతో నడిచే పడవ మీద తెరచాపకి తగిలేది 6 నాట్ల గాలే. బలం వర్గంతో మారుతుంది కాబట్టి మిగిలేది 36 శాతం. పైగా మెయిన్ సెయిల్ చాటున ముందు తెరచాప చచ్చుబడుతుంది. దీనికి రెండు విరుగుడులున్నాయి. ముందు తెరచాపని ఒక కర్రతో రెండో వైపుకి చాచి కట్టడం ఒకటి. నేరుగా కాకుండా 30 డిగ్రీలు పక్కకి తిప్పి, దారిలో ఒకసారి వైపు మార్చుకోవడం రెండోది. రెండో పద్ధతిలో దూరం 15.5 శాతం పెరుగుతుంది. అంటే 4 నాట్ల వేగం 4.6కి పెరిగితే నష్టం పూడిపోతుంది, అంతకు మించినదంతా లాభం. పలచటి గాలిలో, జెనాకర్ లాంటి తేలికపాటి పెద్ద తెరచాప ఉంటే, ఈ లాభం తరచుగా దక్కుతుంది. జోరు గాలిలో నేరుగా వెళ్లినా పడవ హద్దు దగ్గరే ఉంటుంది కాబట్టి తిరిగి వెళ్లడం దండగ. అలాంటప్పుడు సుఖం కోసం తిరిగితే తిరగొచ్చు, వేగం కోసం కాదు.

బరువు: ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా

పాతిక అడుగుల పడవ ప్రతి 100 కిలోలకి సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. వినడానికి స్వల్పమే. కానీ రెండున్నర టన్నుల పడవలో పనిముట్లు, డబ్బాలు, పుస్తకాలు, అదనపు తాళ్లు కలిసి నాలుగేళ్లలో 250 కిలోలు చేరితే అది పడవ బరువులో పదో వంతు. పలచటి గాలిలో అది కదలికలో తెలుస్తుంది.

చోటు ఇంకా ముఖ్యం. అలల మీద పడవ ముందుకీ వెనక్కీ ఊగడానికి కొనల్లో ఉన్న బరువు తోడైతే ఊపు ఆగదు. ప్రతి ఊపూ తెరచాపల నుంచి గాలిని దులిపేస్తుంది. ఊపు మీద బరువు ప్రభావం మధ్యభాగం నుంచి దూరపు వర్గంతో పెరుగుతుంది: మధ్య నుంచి 3 మీటర్ల దూరంలో ఉన్న 40 కిలోలు, 1 మీటరు దూరంలో ఉన్న 40 కిలోల కంటే తొమ్మిది రెట్లు చెరుపు చేస్తాయి. 8 మిల్లీమీటర్ల లంగరు గొలుసు మీటరుకి దాదాపు 1.4 కిలోలు. 50 మీటర్లు ముందుకొనలో ఉంటే 70 కిలోలు. కొంత గొలుసుకి బదులు నైలాన్ తాడు వాడటం అందుకే వాడుకలో ఉంది. అయితే లంగరు పట్టుని పణంగా పెట్టి వేగం కొనుక్కోవడం తెలివైన బేరం కాదు. గొలుసు ఉండాల్సినంత ఉండాలి, మిగతా సామాను మధ్యకి జరగాలి.

ఖర్చు వరస

ఈ కారణాలని పక్కపక్కన పెడితే వరస ఒకటి తేలుతుంది. అడుగు శుభ్రం, ఔట్‌బోర్డ్ ఎత్తడం, సామాను సర్దడం, తాళ్లు సరిచేసుకోవడం ముందుగా చేయాల్సినవి. ఆ తర్వాత పలచటి గాలికి ఒక తేలికపాటి తెరచాప, ఎందుకంటే అది నెమ్మది గంటల మీదే పనిచేస్తుంది. మెయిన్ సెయిల్ నిజంగా సాగిపోయి ఉంటే కొత్తది ఆ వెంటనే. స్థిర ప్రొపెల్లర్ మార్చడం, ఏడాదిలో ఎక్కువ దూరం తెరచాపల మీద తిరిగేవారికి గిట్టుబాటు. పలచటి పొరలు అతికించి చేసే ఖరీదైన లామినేట్ గుడ్డ ఆకారం బాగా నిలుపుకుంటుంది, కానీ ఎండకీ మడతలకీ పాలియెస్టర్ కంటే త్వరగా పాడవుతుంది. వారాంతపు ప్రయాణాలకి దాని మీద డబ్బు పెట్టడం ఎక్కువ మందికి అనవసరం.

పెరిగిందా లేదా తెలిసేదెలా?

ఏ మార్పు చేసినా దాని ఫలితాన్ని కొలవడంలోనే ఎక్కువ తికమక. పడవ అడుగున తిరిగే చిన్న చక్రం నీటిలో వేగాన్ని చూపిస్తుంది, దానికే పాచి పడితే తక్కువ చూపిస్తుంది. అడుగు తోమించిన రోజున ఆ చక్రం కూడా శుభ్రపడుతుంది కాబట్టి పెరిగిన అంకెలో కొంత ఉత్తుత్తిదే. జీపీఎస్ చూపేది నేల మీద వేగం, అందులో ప్రవాహం కలిసి ఉంటుంది.

చక్రాన్ని సరిచూడాలంటే గాలి లేని సమయంలో ఇంజిన్ ఒకే ఆర్‌పీఎం మీద ఉంచి, ప్రవాహం వెంట ఒకసారి, ఎదురుగా ఒకసారి నడిపి, జీపీఎస్ చూపిన రెండు వేగాల సగటు తీయాలి. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. నీటిలో 5 నాట్లతో నడిచే పడవకి 1 నాట్ ప్రవాహంలో 6, 4 వస్తాయి, సగటు 5. అదే ఒక్కో నాటికల్ మైలు వెళ్లి వచ్చిన మొత్తం సమయాన్ని తీసుకుంటే 10 నిమిషాలు, 15 నిమిషాలు, కలిపి 25. దాన్నిబట్టి లెక్కిస్తే 4.8 వస్తుంది. వేగాలని సగటు తీయాలి కానీ సమయాన్ని కాదు.

అదయ్యాక కూడా తెరచాప సర్దుబాట్ల వల్ల వచ్చే పదో వంతు, రెండు పదో వంతుల నాట్ తేడాలు గాలి ఒడిదుడుకుల్లో కలిసిపోతాయి. వాటిని పట్టుకోవడానికి రేసుల వాళ్లు వాడే పద్ధతే మేలు. ఇంచుమించు అదే సైజు పడవ ఇంకొకటి పక్కన, ఒకదాని గాలికి ఒకటి అడ్డం రానంత దూరంలో నడుస్తుండగా, ఒక పడవలో ఒక్క తాడు మాత్రమే మార్చి పది నిమిషాలు చూడటం. గాలి పెరిగినా తగ్గినా ఇద్దరికీ దాదాపు ఒకలాగే తగులుతుంది కాబట్టి, ఎవరు ముందుకి జరిగితే ఆ తేడా ఆ తాడుదే.